హెలికాప్టర్‌లో ఒత్తు ఎక్కడ?

అరసున్న: రాత్రి నుంచి ఒకటే తొలుస్తోంది. చిన్నప్పుడు మా ఇంగ్లీషు మాస్టారు "హెలికాప్టర్‌లో కాప్టర్ లేదురా" అని ఇంకేదో అన్నారు, ఆ రెండో ముక్క గుర్తు రావట్లేదు. ఇంతకీ మాటను ఎక్కడ విరవాలి, ఒత్తు ఎక్కడ?

బండి ర: ప కింద ట ఉంది కదండీ.

అరసున్న: ఆ ఒత్తు కాదు మహాప్రభో, ఒత్తి పలికేది.

వాలుకుర్చీ: అది మొదటి 'హె' మీద. మీ మాస్టారు చెప్పింది వేరే సంగతి. 1861లో పోంతోన్ దామేకూర్ అనే ఫ్రెంచాయన అతికించిన మాట ఇది. గ్రీకులో హెలిక్స్ అంటే మెలి, సమాసంలో హెలికో అవుతుంది. ప్టెరాన్ అంటే రెక్క. అంటే హెలికో + ప్టర్. ఇంగ్లీషువాళ్ల నోట మాట మొదట్లో 'ప్ట' నిలవదు (టెరోడాక్టిల్‌లో ప రాసి మింగేస్తారు చూడండి), అందుకని హెలి, కాప్టర్ అని విరిచేసి, ఆ విరిగిన ముక్కతోనే హెలిపోర్ట్ కూడా పుట్టించారు.

బండి ర: అయితే నేనే కరెక్టు. మనం హె-లి-కా-ప్ట-ర్ అని రాస్తాం. వాళ్లు చెడగొట్టిన గ్రీకు అతుకును మన లిపి కాపాడింది :)

లఘువు: లిపి కాపాడినా ఛందస్సు ఒప్పుకోదు. 'నల్లనివాడు పద్మనయనంబులవాడు'లో 'ప' ఎందుకు గురువైంది? 'ద్మ'లో ద్ బరువు వెనక్కి పడింది కాబట్టి. ఆ లెక్కన ఈ ప్ కూడా వెనక అక్షరానిదే. కాప్-టర్.

బండి ర: 'కా' ఎలాగూ దీర్ఘం, మీ ప్ లేకపోయినా గురువే. ఇదేం రుజువు?

లఘువు: బ్రిటిష్ పలుకుబడిలో అది పొట్టి 'ఒ', దీర్ఘం చేసింది మనమే. హెలికొప్టర్ అని రాసి గురులఘువులు వేయండి, అప్పుడు తెలుస్తుంది.

వాలుకుర్చీ: విరవడమే సరదా అయితే షేక్‌స్పియర్ వాడిన హొనొరిఫికాబిలిటూడినిటాటిబుస్ పట్టండి. ఇంగ్లీషులో 27 అక్షరాలు, హల్లు తర్వాత అచ్చు, అచ్చు తర్వాత హల్లు, చివరిదాకా అంతే. తెలుగులో రాస్తే ఒక్క ఒత్తు పడదు! లాటిన్ పద్ధతిలో ఊనిక చివరి నుంచి మూడోదైన 'టా' మీద.

బండి ర: ఏమైనా మా బమ్మెర పోతన పద్యం తెచ్చారు, సంతోషం.

లఘువు: ఒంటిమిట్ట పోతన.

బండి ర: మొదలెట్టారా!

అరసున్న: అయ్యా, లైను చివర మాట పట్టకపోతే 'హెలికా' దగ్గర ఆపనా, 'హెలికాప్' దగ్గరా?

బండి ర: హెలికా.

లఘువు: పద్యంలో అయితే కాదు.