టెక్సాస్ సెనేట్ లోకల్ క్యాలెండర్‌లో ఉన్న బిల్లు గురించి ఎవరితో మాట్లాడాలి?
నమస్కారమండీ. మా కాలనీకి నీళ్లు, మురుగునీటి లైన్లు చూసే మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ) మీద ఒక బిల్లు టెక్సాస్ సెనేట్‌లో లోకల్ అండ్ అన్‌కంటెస్టెడ్ క్యాలెండర్‌కి, అంటే పెద్దగా వ్యతిరేకత లేని బిల్లుల జాబితాకి, వచ్చింది. మడ్ పన్ను కట్టేది మేమే కాబట్టి టెన్షన్‌గా ఉంది. పాత వీడియోల్లో చూస్తే పేరు చదవడం, ఓటు, వెంటనే ఇంకో బిల్లు, అంతే. మూడు వేర్వేరు రోజుల్లో చదవాలని రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్నా, ఐదింట నాలుగు వంతుల ఓటుతో దాన్ని పక్కన పెట్టొచ్చట. ఇంత వేగం నాకు సరిగ్గా అనిపించడం లేదు.

మా సెనేటర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే బిల్లును ఆ జాబితాలోంచి తీయించగలరా? లేక ప్రతినిధుల సభ కమిటీలో మాట్లాడటమే మేలా? ఆస్టిన్ వెళ్లి ఇలా మాట్లాడినవాళ్లుంటే దయచేసి చెప్పండి. సమావేశాలు 140 రోజులే, టైమ్ తక్కువ.