కొండ ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పడిపోతోంది, క్లచ్‌లో ముందు ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. యూటాలో ఉంటాను, యుయింటా కొండల్లో 9 వేల అడుగుల పైన స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) నడుపుతుంటాను. బండి 850 సీసీ టూ స్ట్రోక్, ఈ సీజన్‌లో టర్బో కిట్ వేయించాను. పవర్ పెరిగింది కదా అని కిట్ వేసినాయన ప్రైమరీ క్లచ్‌లో (ఇంజిన్ వైపుది) బరువైన వెయిట్లు పెట్టాడు. బెల్టుకి అవతల, ట్రాక్ వైపున్న సెకండరీ క్లచ్ మాత్రం కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది.

చదునుగా ఉన్నచోట ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఆర్‌పీఎం 8,200 దగ్గర కదలకుండా నిలబడుతుంది. మెత్తటి లోతు మంచులో ఏటవాలు ఎక్కితే 7,600కి జారుతుంది. మధ్యలో థ్రాటిల్ వదిలి మళ్లీ నొక్కితే ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు మూలిగి, ఆ తర్వాతే లాగుతుంది. అప్పుడు ఆపి చూస్తే సెకండరీ షీవ్ (బెల్టుని పట్టుకునే పళ్లెం) చెయ్యి పెట్టలేనంత వేడి, బెల్టు అంచున నల్లటి పొడి. అలైన్‌మెంట్, బెల్టు టెన్షన్ చూశాను, తేడా లేదు.

వెయిట్లు తగ్గించమని కొందరు అంటున్నారు. తగ్గిస్తే చదునులో ఆర్‌పీఎం హద్దు దాటిపోదా? నాకైతే బ్యాక్‌షిఫ్ట్, అంటే లోడ్ పడినప్పుడు క్లచ్ తక్కువ గేర్‌లాంటి స్థితికి దిగడం, సరిపోవట్లేదనిపిస్తోంది. అలాంటప్పుడు ముందు సెకండరీ స్ప్రింగ్ గట్టిది వేయాలా, హెలిక్స్ (సెకండరీలోని ఏటవాలు అంచుల భాగం) కోణం తగ్గించాలా? రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు, పైగా హెలిక్స్ చవక కాదు. టర్బో బండి కొండల్లో నడిపేవాళ్లు మీ సెటప్ ఏమిటో, ఏ ఎత్తులో నడుపుతారో కాస్త చెప్పగలరా?