‘కల్ట్ నటి’ అనొచ్చా?

బ్రిటిష్ నటి కెరొలిన్ మన్రో మీద ఒక పరిచయ వ్యాసం దిద్దుతున్నాను. మొదటి వాక్యం: “మోడల్ నుంచి నటిగా మారిన కల్ట్ తార.” మనవాళ్లు కల్ట్ అనేది వేరే అర్థంలో కదా? ‘ఆరాధ్య తార’ అని మార్చమంటారా?

—

‘ఆరాధ్య’ వద్దండీ. అది హారతులు అందుకునే అగ్రతారకు నప్పే మాట. ఇక హాలు బయట ‘కల్ట్ బొమ్మ’ అంటే ‘అదిరింది’ అనే. మొదటి ఆట అయ్యేసరికే ఆ బిరుదు ఇచ్చేస్తున్నారు. సినిమా విమర్శలో కల్ట్ అనిపించుకోవాలంటే ఏళ్లు పడుతుంది. చాలావరకు అవి వచ్చినప్పుడు ఆడనివి, లేదా ఏదో ఒక వర్గం మాత్రమే చూసినవి, ఆ కొద్దిమందీ మళ్లీ మళ్లీ చూస్తూ బతికించుకున్నవి. అందుకని ఆ మాటను మనిషికి తగిలించకుండా “కల్ట్ సినిమాలతో పేరు తెచ్చుకున్న” అనండి.

ఉదాహరణగా బాండ్ సినిమా మాత్రం ఇవ్వకండి. ‘ద స్పై హూ లవ్డ్ మి’ (1977)లో హెలికాప్టర్ నడిపే నయోమిగా ఆమె చాలామందికి తెలుసు, కానీ అది ఊరూరా ఆడిన సినిమా. ‘కెప్టెన్ క్రోనోస్’ సరైన సాక్ష్యం. భయానక చిత్రాలకు పేరుపడ్డ బ్రిటిష్ సంస్థ హామర్ దాన్ని వరుస సినిమాలకు నాంది అనుకుంది. 1972లో తీస్తే 1974కి గానీ విడుదల కాలేదు, ఆడలేదు, రెండోది రానే లేదు. ఈరోజు హామర్ అభిమానులు ముందు చెప్పేవాటిలో అదొకటి. లుయీజీ కోత్సీ తీసిన ఇటాలియన్ అంతరిక్ష సాహసం ‘స్టార్‌క్రాష్’ (1978), తర్వాత ‘మేనియాక్’ (1980) కూడా పనికొస్తాయి.

—

నా గొడవ ‘మారిన’ దగ్గర. అది చదివితే మోడలింగ్ మానేసి వచ్చిందనిపిస్తుంది. 1966లో లండన్ ‘ఈవినింగ్ న్యూస్’ పత్రిక అందాల పోటీ నెగ్గి మోడలయింది. సినిమాల్లో చేస్తూనే ల్యాంబ్స్ నేవీ రమ్ పోస్టర్లకు ఏళ్ల తరబడి నిలబడింది. హామర్ అధిపతి జేమ్స్ కారెరస్ కంట్లో పడింది కూడా ఆ రమ్ పోస్టరుతోనే. చూసి స్క్రీన్ టెస్ట్‌కి పిలిపించాడు. ‘మోడలింగ్ చేస్తూనే సినిమాల్లోకి వచ్చిన’ అనండి, నాలుగక్షరాలు ఎక్కువైనా నిజం.

—

క్రియాపదాలు కూడా చూసుకోండి. సినిమాల పట్టిక ముందు పెట్టుకుని అన్నిటికీ ‘కథానాయికగా నటించింది’ అని రాసుకుపోతే ‘ది అబామినబుల్ డాక్టర్ ఫైబ్స్’ (1971) దగ్గర దొరికిపోతారు. అందులో ఆమె విన్సెంట్ ప్రైస్ వేసిన ఫైబ్స్ పాత్రకు చనిపోయిన భార్య: ఫొటోల్లో, శవంగా తప్ప లేదు, టైటిల్స్‌లో పేరూ వేయలేదు. ‘కనిపించింది’ చాలు. ‘స్టార్‌క్రాష్’లో స్టెల్లా స్టార్ రూపం ఈమెది, ఇంగ్లిష్ ప్రింటులో గొంతు మరో నటి కాండీ క్లార్క్‌ది. సంభాషణలు పలికిన తీరును మెచ్చుకునే వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి. అక్కడ ‘గాత్రదానం’ లాంటి బరువు మాటెందుకు, ‘డబ్బింగ్ చెప్పింది’ అంటే అందరికీ తెలుస్తుంది.

—

పేరు సంగతి. తెలుగులో మార్లిన్ కూడా ‘మన్రో’యే కాబట్టి ఉత్త ‘మన్రో’ అని మొదలెడితే పాఠకుడు అటే పోతాడు. నిజానికి ఈమె ఇంటిపేరు ఇంగ్లిష్ స్పెల్లింగులో మన దత్తమండలాల కలెక్టర్ థామస్ మన్రోది, మార్లిన్‌ది కాదు! ‘మున్రో’ అని మార్చి తేడా చూపించబోకండి, ఉచ్చారణ చెడుతుంది. మొదటిసారి పూర్తి పేరు, ఆ తర్వాత ‘కెరొలిన్’.

—

ఇలా మార్చాను: “మోడలింగ్ చేస్తూనే సినిమాల్లోకి వచ్చి, హామర్ భయానక చిత్రాలతో, ‘స్టార్‌క్రాష్’ లాంటి కల్ట్ సినిమాలతో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ నటి కెరొలిన్ మన్రో.”

—

బాగుంది. ఒక్క ‘తో’ తీసేయండి, రెండుసార్లు పడింది.