ఒంటరిగా ఉండబోయే అమ్మాయికి జర్మనీలో నెలకు 992 యూరోలు చాలుతాయా?

ప్రశ్న (బొబ్బిలి, విజయనగరం జిల్లా)

మా అమ్మాయికి జర్మనీలో మాస్టర్స్ సీటు వచ్చింది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున లెక్కగట్టి, జమ చేయాలన్నారు; యూరోను వంద రూపాయలుగా వేసుకున్నా అది పన్నెండు లక్షలకు దగ్గరవుతుంది. విశాఖపట్నంలో ఇంజినీరింగు చదివినప్పుడు ముగ్గురు కలిసి ఒకే ఇంట్లో ఉండేవారు కనుక అద్దె, గ్యాసు, కరెంటు అన్నింటిలోనూ మూడో వంతే మాకు పడేది. ఇప్పుడు ఒక్కతే ఉంటానంటోంది. నేను రిటైరైన ఉపాధ్యాయుడిని, పింఛను మీద ఆధారపడినవాడిని. ఆ 992 యూరోలతో నెల గడుస్తుందా, విడిగా ఇంకేమైనా సిద్ధం చేసుకోవాలా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (విజయనగరం నుంచి వెళ్లి జర్మనీలో చదువుతున్న విద్యార్థిని)

మాస్టారూ, నమస్కారమండి. నెల ఖర్చు సంగతి తరవాత చూడవచ్చు, ముందు మొదటి నెలను విడిగా లెక్క వేయండి. మా ఇంట్లో లెక్క తప్పింది అక్కడే.

ఇక్కడి అద్దె ప్రకటనల్లో రెండు అంకెలుంటాయి. కాల్ట్‌మీటె అంటే వట్టి గది అద్దె; వార్మ్‌మీటె అంటే గది వెచ్చగా ఉంచడానికీ, నీళ్లకూ, చెత్త ఎత్తడానికీ అయ్యే ఖర్చులు కలిపినది. కరెంటు చాలాచోట్ల ఆ రెండో అంకెలో కూడా ఉండదు. అడ్వాన్సుగా మూడు నెలల కాల్ట్‌మీటె వరకు అడగడానికి చట్టం ఒప్పుకుంటుంది, అంటే 400 యూరోల గదికి 1,200 దాకా కట్టవలసి రావచ్చు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఎంత సొమ్మున్నా నెలకు 992 మాత్రమే చేతికి వస్తాయి, అదీ ఇక్కడ బ్యాంకు ఖాతా తెరిచిన తరవాతే. నాకు అడ్వాన్సు మొత్తం ఒకేసారి అడిగితే మా నాన్నగారు హడావిడిగా వడ్డీకి తెచ్చి పంపారు. దాన్ని మూడు సమాన నెలవాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవారికి ఆ చట్టమే ఇచ్చిందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ వడ్డీ తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అమ్మాయికి ఈ మాట ముందే చెప్పండి.

ఇంకొకటి, ఖాళీ ఫ్లాట్లలో స్టవ్వు, సింకు కూడా ఉండకపోవడం ఇక్కడ మామూలే. సామాను ఉన్న గదే చూసుకోమనండి.

జవాబు 2 (పలాస, మా అబ్బాయి అక్కడే చదివాడు)

ఒంటరిగా ఉన్నా, నలుగురితో ఉన్నా ఆరోగ్య బీమా తగ్గదండి; ముప్ఫై ఏళ్లలోపు విద్యార్థులకు ప్రభుత్వ బీమా నెలకు 140 యూరోలు దాటుతుంది. రేడియో, టీవీ రుసుము 18.36 యూరోలు మాత్రం మనిషికి కాదు, ఇంటికి. నలుగురుంటే పంచుకుంటారు, ఒక్కరుంటే మొత్తం వారే భరించాలి. ఈ తేడా ఇంటర్నెట్‌కూ వర్తిస్తుంది. అందుకే విశ్వవిద్యాలయ వసతి గృహానికి అడ్మిషన్ లేఖ అందిన రోజే దరఖాస్తు చేయించండి. అక్కడ అద్దెలోనే చాలా ఖర్చులు కలిసి ఉంటాయి, కాని గది కోసం నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 992లో బీమా, అద్దె తీసేశాక తిండికి ఎంత మిగులుతుందో ఇప్పుడు లెక్క కట్టగలను. అడ్వాన్సు కోసం 1,200 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌తో కలపకుండా విడిగా ఉంచుతాను. వసతి గృహం దరఖాస్తు ఈ రాత్రే పెట్టిస్తాను.