‘మొదటిసారి వింటున్నా’ అని చెప్పి, ముందే వినేసి ఉంటే అది మోసమా, కాదా?

సింగరాయకొండ శ్రోత:
విదేశీ సంగీతకారులు మన పాట విని ఆశ్చర్యపోయే రియాక్షన్ వీడియోలు మా నాన్న రోజూ చూస్తారు. మొన్న బాలు గారి పాట వింటూ ఒక విదేశీ సంగీతం టీచర్ కళ్లనీళ్లు పెట్టుకుంటే నాన్నా పెట్టుకున్నారు. మా తమ్ముడు పక్కనే ఉండి, "ఇదంతా నటన నాన్నా, ముందే వినుంటుంది" అనేశాడు. ఆ రాత్రి నాన్న మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు. మన నెల్లూరు బాలు గారి గొప్పదనానికి ఆమె కన్నీళ్లు సాక్ష్యం కానక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ వీడియో పేరులో ‘తొలిసారి’ అని రాశాక అది మాట ఇచ్చినట్టే కదా. ఆ మాట తప్పితే నేను మోసమనే అంటాను. మీరేమంటారు?

నెల్లూరు కీబోర్డ్:
మోసమే. నేను చేశాను కాబట్టి చెబుతున్నా. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో 18 ఏళ్లుగా వాయిస్తున్నా. రెండేళ్ల కిందట ఒక ఛానల్ వాళ్లు పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టి ఒక స్పానిష్ పాట వినిపించారు. నిజంగానే అంతకుముందు విననిది. నేనేమీ మాట్లాడలేదు. మనసు పెట్టి వింటుంటే మాట ఎక్కడ వస్తుంది? మోకాలి మీద వేళ్లు కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) వెతుక్కుంటున్నాయి. అయిపోగానే "ఎక్స్‌ప్రెషన్ రాలేదన్నా, ఇంకోసారి చేద్దాం" అన్నారు. మూడో టేక్‌లో కళ్లు పెద్దవి చేసి తల పట్టుకున్నాను. ‘మొదటిసారి’ అని పేరు పెట్టి దాన్నే వదిలారు. నేను నిజంగా మొదటిసారి విన్న ముఖం వాళ్ల దగ్గరే ఉంది, దాన్ని పారేశారు. కింద ఎవరో "మీ కళ్లలో నిజాయితీ కనపడుతోంది" అని రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

కావలి హార్మోనియం:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ అందర్నీ ఒకే గాటన కట్టొద్దు. నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి. మంచి పద్యం పడితే జనం ‘వన్స్ మోర్’ అంటారు. హరిశ్చంద్రుడు అదే పద్యం మళ్లీ అంతే ఏడుస్తూ పాడతాడు. రెండోసారి ఏడ్చినంత మాత్రాన అది అబద్ధం అంటామా? ఇంకో సంగతి. పాటను నిమిషంలో నాలుగుసార్లు ఆపితే ‘నటిస్తున్నారు’ అంటారు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అని ఉంది, పాటను గుర్తుపడితే హక్కుదారు వీడియోను ఆపించొచ్చు, లేదా దాని మీద వచ్చే ప్రకటన డబ్బు తీసుకోవచ్చు. దానికి భయపడి ముక్కలు ముక్కలుగా వినిపిస్తారు. ఆ ఆపడంలో నటన లేదు, జాగ్రత్త ఉంది.

నెల్లూరు కీబోర్డ్:
ఆపడం గురించి మీరన్నది నిజం అన్నా. వన్స్ మోర్ మాత్రం ఒప్పుకోను. అక్కడ అడిగింది జనమే. రెండోసారి పాడుతున్నాడని ముందు వరసలో పిల్లాడికి కూడా తెలుసు. ఇక్కడ దాచిపెట్టారు, తేడా అదే. ఎందుకు దాస్తారంటే దానికి ధర ఉంది. 2020లో అమెరికాలో కవల కుర్రాళ్లిద్దరు ఇంగ్లిష్ గాయకుడు ఫిల్ కాలిన్స్ 1981 నాటి పాట విని, మధ్యలో డ్రమ్స్ పడగానే ఉలిక్కిపడిన వీడియో ఊరూరా తిరిగింది. 39 ఏళ్ల నాటి పాట మళ్లీ ఐట్యూన్స్ అమ్మకాల్లో పైకొచ్చింది. తొలిసారి విన్న ముఖానికి అంత బలం ఉంది.

ఒంగోలు వయొలిన్:
నేను పిల్లలకు పాఠం చెబుతాను. సంగీతం వచ్చినవాళ్లు నిజంగా మొదటిసారి వింటే ఎలా ఉంటారో కొంత పట్టుకోవచ్చు. విన్న అర నిమిషంలో ‘ఇది డోరియన్’ అని పాశ్చాత్య స్వరవరస పేరు చెప్పేశారని అనుమానపడకండి. మన ఖరహరప్రియ రాగం స్వరాలు వాళ్ల డోరియన్ స్వరాలే, శంకరాభరణం వాళ్ల మేజర్ స్కేలే. చెవి ఉన్నవాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. తెలియనిది గమకం. స్వరాన్ని ఊపుతుంటే దాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో తోచక తడుముకుంటారు. తాళంలోనూ అంతే. మిశ్రచాపు తాళంలో పాట పెడితే నాలుగు లెక్కపెట్టడం మొదలుపెడతారు, ‘తకిట తకదిమి’ ఏడు కాబట్టి రెండో ఆవర్తంలోనే (తాళం రెండో చుట్టులోనే) చెయ్యి తప్పుతుంది. ఆ తప్పడం నాకు చాలా ఇష్టం. అసలు తప్పే లేకుండా, చరణంలో రాబోయే మలుపు ముందు సెకనులోనే కనుబొమ్మలు ఎత్తేవాళ్లను నేను నమ్మను. నా వరకు పరిష్కారం సులువు: రెండోసారి వింటుంటే ‘రెండోసారి’ అని రాయండి. రెండోసారి విని చెప్పే సంగతులు నాకు ఇంకా ఎక్కువ ఉపయోగం. డబ్బు తీసుకుని ప్రచారం చేస్తే చెప్పాలని మన ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు పెట్టింది, ఇదీ అలాగే చెప్పొచ్చు.

సింగరాయకొండ శ్రోత:
మీ మాట చదివి ఆ వీడియో మళ్లీ చూశాం. ఆమె నాలుగు లెక్కపెట్టి, తప్పి, నవ్వి, మళ్లీ మొదలుపెట్టింది. నాన్న ముఖం వెలిగిపోయింది. తమ్ముడు మాత్రం "తప్పు కూడా నటించొచ్చు" అంటున్నాడు. ఏం చెప్పమంటారు మాస్టారూ?

ఒంగోలు వయొలిన్:
నటించొచ్చు. కాదనను. కానీ ఏడు లెక్క బాగా తెలిసినామె అయితే ఇంకో వీడియోలో ఎక్కడో చెయ్యి సరిగ్గా పడిపోతుంది. ఆమెవి పాతవి ఒక పది చూసి చెప్పమను. మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడమను.