రాజ్‌దూత్ 350: రెండు కార్బొరేటర్ల స్లైడ్లు ఒకేసారి లేవడం లేదు

ప్రశ్న: మాది అనంతపురం. మా మామ వాడిన రాజ్‌దూత్ 350, రెండు సిలిండర్ల బైకు, ఇప్పుడు నా దగ్గరుంది. ఐడిల్‌లో (థ్రాటిల్ తిప్పకుండా ఇంజన్ ఆడేటప్పుడు) ఎడమ సైలెన్సర్ చేయి పెట్టలేనంత వేడి, కుడిది గోరువెచ్చగా. ఒక మెకానిక్ స్క్రూలన్నీ ఇష్టమొచ్చినట్టు తిప్పి ఇచ్చాడు, ఇంకా పాడైంది. గేజీలేం లేకుండా ఇంట్లో చేసుకోవచ్చా అన్నా?

జవాబు (కర్నూలు): చేసుకోవచ్చు తమ్ముడూ. ముందు ప్లగ్గులు మార్చి చూడు, అటుది ఇటు. కుడివైపే చల్లగా ఉంటే అప్పుడు కార్బొరేటర్ జోలికి పో. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బర్లు తీసెయ్. రెండు కార్బొరేటర్ల నోళ్లలో రెండు వేళ్లు పెట్టి, ఇంట్లో ఎవరినైనా థ్రాటిల్ మెల్లగా తిప్పమను. లోపల పైకి లేచి గాలి దారి తెరిచే స్లైడ్లు రెండూ ఒకే క్షణంలో కదలాలి. ఒకటి ముందు లేస్తే, ఆలస్యమయ్యేదాని మూత మీదున్న కేబుల్ అడ్జస్టర్‌తో సరిచెయ్. వేలికి తెలిసేంత తేడా కంటికి తెలియదు, నేను పదిసార్లు చూశా. తర్వాత లాక్ నట్ బిగించి మళ్లీ చూడు, బిగించేటప్పుడే అది కదిలిపోతుంది పాపిష్టిది!

ఇంకో జవాబు (ప్రొద్దుటూరు): ఇంజన్‌కి నూనె పంపే ఆయిల్ పంపు తీగ కూడా ఆ థ్రాటిల్ కేబుల్ నుంచే చీలుతుంది. పంపు మీది సెట్టింగ్ గుర్తు సరిగ్గా కలిసిందో లేదో చూడకుండా బండి తీయొద్దు, నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఐడిల్ పెరుగుతుందేమో కూడా చూడు.

ప్రశ్న వేసినవారు: కుడి స్లైడే ఆలస్యం అన్నా. కేబుల్ తొడుగు ట్యాంకు కింద నలిగిపోయి ఉంది. కొత్తది వేశాక మీరు చెప్పినట్టే చేశా. ఇప్పుడు రెండు సైలెన్సర్లూ ఒకే వేడి, చేయి కాల్చుకుని మరీ చెప్తున్నా.