స్టడ్ విరిగింది సరే, హెడ్ పాడైతే ఖర్చు ఎవరిది?

విడవలూరు బండి:
పదకొండేళ్ల 150 సీసీ బండి. రోజూ రొయ్యల గుంటల కట్టల మీదే తిరుగుడు. సైలెన్సర్ బెండు దగ్గర చిల్లు పడితే మార్పిద్దామని మా దగ్గరి షెడ్డులో ఇచ్చాను. నట్టు కదల్లేదు. టీ స్పానర్‌కి పైపు తగిలించి తిప్పితే సైలెన్సర్‌ని పట్టుకునే స్టడ్ (మరలున్న కడ్డీ), ఇంజన్ పైభాగమైన హెడ్ మట్టానికి టక్కున విరిగింది. ఇంతవరకు నాకేం కోపం లేదు. ఆ తర్వాత ముందు చక్రం కూడా విప్పకుండా, సందులోంచి చేతి మిషన్‌తో డ్రిల్ పెట్టాడంట. బిట్ జారి పక్కన అల్యూమినియంలోకి పోయింది. విరిగిన ముక్కని బయటికి తిప్పే ఈజీ అవుట్ అనే పనిముట్టు దింపితే అదీ లోపలే విరిగింది. చివరికి ఆ బొక్కలో ఎపాక్సీ ముద్ద కూరి, సైలెన్సర్‌ని కట్టుతీగతో బిగించి "అయిపోయిందన్నా" అన్నాడు. కోవూరు దాటకముందే పట్ పట్‌మని మొదలు. కొత్త హెడ్ ఎవరు కొనాలి, మీరే చెప్పండి.

ఒంగోలు షెడ్డు:
తమ్ముడూ, నేనూ మెకానిక్‌నే, నాకు కోపం వచ్చినా రాస్తా. సముద్రం పక్క బండి, పదకొండేళ్లు, ఆ నట్టు ఒక్కసారైనా విప్పించావా? ఇనప స్టడ్, అల్యూమినియం హెడ్, మధ్యలో ఉప్పు తేమ, పైన ఇంజన్ వేడి. రెండూ ఒకటే ముద్దయిపోతాయి. కొత్తపట్నం నుంచి వచ్చే బండి చూస్తేనే నాకు టెన్షన్. విరిగిన ప్రతి స్టడ్‌కీ హెడ్ కొనివ్వాలంటే షెడ్డుకి తాళం వేసుకోవాల్సిందే.

విడవలూరు బండి:
అన్నా, స్టడ్ విరిగినందుకు నేను అడగలేదు. విరిగాక ఒక్క ఫోన్ చేయలేదు, అదీ నా బాధ. "విరిగింది, లేత్‌కి పంపుదామా?" అంటే సరే అనేవాణ్ణి కదా.

కావలి లేత్:
ఎవరు కట్టాలన్నది పక్కన పెట్టి పని సంగతి చూద్దాం. స్టడ్ ఉక్కు, చుట్టూ మెత్తటి అల్యూమినియం. నడిమధ్యన సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టకుండా బిట్ పెడితే అది మెత్తటి వైపే పరిగెత్తుద్ది. ఇక 6 మిల్లీమీటర్ల స్టడ్‌లో ఈజీ అవుటా! దానికి 3 మిల్లీమీటర్ల బొక్క పెడతాం, అందులో దూరే ఈజీ అవుట్ అగ్గిపుల్లంత. విరిగిందంటే మామూలు బిట్ దాన్ని గీకలేదు, కార్బైడ్ బిట్ కావాలి. లేకపోతే కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే స్పార్క్ ఎరోజన్ మిషన్ ఎక్కించాలి.

నేనైతే విరిగిన మొన మీద నట్టు పెట్టి మధ్యలో వెల్డింగ్ చుక్క పోస్తా. ఎర్రదనం తగ్గాక అటో కొంచెం, ఇటో కొంచెం ఆడిస్తా. ఆ వేడికే తుప్పు పట్టు వదులుద్ది. ఒకసారికి రాకపోతే నాలుగు నట్లు మారుస్తా. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది, అందుకని హెడ్డుని కూడా కాస్త వెచ్చబెడితే మనకే లాభం.

ఇప్పుడు బొక్క గుండ్రంగా ఉంటే హెలికాయిల్ (కొత్త మరల కోసం బొక్కలో ఎక్కించే స్ప్రింగులాంటి తీగచుట్ట) చాలు. కోడిగుడ్డు ఆకారం అయిపోతే ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపి, మట్టం చేసి, 5 మిల్లీమీటర్ల బిట్‌తో కొత్తగా బొక్క పెట్టి ట్యాప్‌తో మరలు వేయాలి. వెల్డింగ్ పడ్డచోట అల్యూమినియం మెత్తబడుద్ది కాబట్టి నేను అక్కడా హెలికాయిల్ వేస్తాను. అప్పుడు బొక్క కాస్త పెద్దది, 6.2 దాకా.

సింగరాయకొండ:
ఆర్గాన్ పెట్టిస్తే హెడ్ వంకరపోద్ది, వాల్వ్ సీటు (వాల్వ్ ఆనే రింగు) వదులవుద్ది. మా బాబాయి బండికి అదే అయింది. పాత సామాన్ల కొట్లో మంచి హెడ్ చూసుకోవడం మేలు.

కావలి లేత్:
వాల్వులు విప్పకుండా, హెడ్ వెచ్చబెట్టకుండా ఒకేచోట మంట పెడితే వంకరపోక ఏమవుద్ది? వాల్వులు విప్పి ఇవ్వండి, అయ్యాక సీట్లు చూసుకోండి. పాత సామాన్ల హెడ్‌కి మాత్రం స్టడ్లు కొత్తవా?

నెల్లూరు వినియోగదారు:
2019 వినియోగదారుల చట్టం కింద ఇది సేవాలోపమే. జిల్లా కమిషన్‌లో వేయండి, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు.

ఒంగోలు షెడ్డు:
బిల్లు ఉందా ఆయన దగ్గర? తెల్లకాగితం మీద రాసిచ్చే షెడ్డు అది. తమ్ముడూ, ఎపాక్సీ మాత్రం తప్పే, ఒప్పుకుంటా. సైలెన్సర్ మూతి దగ్గర వేడికి అది బూడిదవుద్ది. అది తెలియక కాదు, నిన్ను పంపించేయడానికి పెట్టాడు. అయినా ఒకటి నిజం చెప్పు, బండి ఎప్పటికి కావాలన్నావు?

విడవలూరు బండి:
...సాయంత్రానికి.

ఒంగోలు షెడ్డు:
చూశావా. హెడ్ దింపాలంటే ఒక రోజు పోద్ది. మీరు సాయంత్రం అంటారు, మేము చక్రం విప్పకుండా సందులోంచి డ్రిల్ పెడతాం.

విడవలూరు బండి:
నిన్న హెడ్ దింపించి లేత్‌లో ఇచ్చాను. బొక్క గుడ్డే అయిపోయింది, ఆర్గానే పెట్టారు. మా మెకానిక్ దింపి బిగించిన కూలి తీసుకోలేదు, లేత్ డబ్బులు నేనిచ్చాను. రెండో స్టడ్ కూడా ముందుగానే తీయించి, రెంటికీ కాపర్ గ్రీజు పూయించాను. ఇప్పుడు చప్పుడు లేదు.

ఒంగోలు షెడ్డు:
సైలెన్సర్ గ్యాస్కెట్ కొత్తదేనా?

విడవలూరు బండి:
పాతదే బాగుంది అన్నాడన్నా.

ఒంగోలు షెడ్డు:
ఒకసారి నలిగిన రింగు అది. వారంలో పట్ పట్ అంటే మళ్లీ మమ్మల్ని తిట్టొద్దు.